ఫ్యామిలీ గ్యాలరీలో నా సంతకం

ఫిబ్రవరి 16, సోమవారం.
ఇవాళ అయిన పనులు: రెండు బకెట్ల బట్టలు, రెండు పూటల వంట, కీర్తన క్యారేజీ, బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టడం, గ్యాసు బుక్ చేయడం, మణికంఠ పడుకున్న గదిలో దుప్పట్లు తీసి ఉతకడం. మిగిలిన పని ఒక్కటే, ఈ ఉత్తరం.

అన్నయ్యకు నీ చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేం ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. నీ షుగరు ఎలా ఉంది? వదిన మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మామిడి పూత నిలిచిందా? నువ్వు జవాబు రాయవని తెలిసినా అడుగుతున్నాను. అడగడం నా వంతు.

ఫోన్ చేయకుండా కాగితం మీద ఎందుకు పెడుతున్నానంటే, గురువారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నా మాట నాలుగుసార్లు తుంచావు. ఐదోసారి ఫోన్ పెట్టేశావు. "మన ఇంటి ఆడది నలుగురిలో ఆ నల్లోడికి దణ్ణం పెట్టిందంటగా? తిరువూరు సెంటర్లో తలెత్తుకు తిరగలేకపోతున్నా. మావాడికి క్షమాపణ చెప్పేదాకా నా గుమ్మం తొక్కమాక" అన్నావు. అక్షరం మార్చకుండా రాశాను. ఇప్పుడు నా వైపు జరిగింది కూడా అక్షరం మార్చకుండా రాస్తాను. చించేస్తే చించు, చివరిదాకా చదివి చించు.

మేం ఈ మలప్పురం జిల్లాకు వచ్చి రెండేళ్ళ నాలుగు నెలలు. మన వైపు మిల్లుల నుంచి వచ్చే జయ బియ్యాన్ని ఇక్కడి షాపులకు వేసే గోడౌన్లో మీ బావగారి ఉద్యోగం. వీళ్ళు తినేది మన బియ్యమే, కానీ ఆ ఉప్పుడు బియ్యం అన్నం మా ముగ్గురికీ ఇప్పటికీ గొంతు దిగదు. మాకు విడిగా సన్నబియ్యం లారీలో తెప్పించుకుంటాం. జూన్ నుంచి వాన పట్టుకుంటే బట్టలు ఆరవు. ఇప్పుడేమో ఉక్క. మొదటి ఏడాది పొద్దున్నించి సాయంత్రం దాకా నాతో మాట్లాడిన మనిషి లేదు. మిక్సీ పాడైతే బాగు చేయించడానికి కూడా మాట రాక పది రోజులు రోట్లో రుబ్బాను. ఇదంతా నీకెప్పుడూ చెప్పలేదు. బాగున్నాం, బాగున్నాం అనే చెబుతూ వచ్చాను.

ఆ ఏడాది తర్వాత నాకు దొరికిన మనిషి కింది వాటాలో ఉండే సుహరా. స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. నా నాలుగు మలయాళం ముక్కలు, ఆమె నాలుగు హిందీ ముక్కలు కలిపి మాట్లాడుకుంటాం. నన్ను చేచ్చీ అంటుంది, అక్కా అని. కీర్తనకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టించింది ఆమే. నీ మేనకోడలు ఇప్పుడు స్కూలు జట్టులో గోల్‌కీపర్. ఈ మాట నీకు మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ "ఆడపిల్లకెందుకే మోకాళ్ళు చెక్కుకుపోవడం" అన్నావు.

ఇక్కడ చలికాలం నుంచి ఎండాకాలం దాకా ఊరూరా జట్టుకు ఏడుగురేసి ఆడే పోటీలు జరుగుతాయి. పోక మానులూ పలకలూ కట్టి మెట్లు వేసి గ్యాలరీ అంటారు. వేలమంది మగవాళ్ళు. ఆడవాళ్ళు మేడల మీద నుంచి చూసేవాళ్ళు. సుహరా మూడేళ్ళు కమిటీ పెద్దల చుట్టూ తిరిగి, ఈ సీజనుకు మైదానం ఒక పక్క ఫ్యామిలీ గ్యాలరీ వేయించింది. నీడకు టార్పాలిన్, కూర్చోవడానికి కుర్చీలు, విడిగా బాత్రూమూ. ఒక ఆడమనిషి వెంట ఇంటి మగవాళ్ళు రావచ్చు, బయటివాళ్ళు రాకూడదు. గేటు దగ్గర పుస్తకంలో మగవాళ్ళ పేరు, వరస రాసి, తీసుకొచ్చిన ఆడమనిషి సంతకం పెట్టాలి. ఆఖరి రోజు పెద్ద మ్యాచ్‌కు ముందు స్కూలు ఆడపిల్లల ఆట కూడా పెడతామన్నారు. కీర్తన ఆ రోజు కోసం క్యాలెండర్లో గీతలు కొడుతూ ఉండేది.

నీ కొడుకు మణికంఠ సంగతికి వస్తాను. వాడు మీ ఇంట్లో ఖాళీగా తిరుగుతున్నాడని, కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ హాలు ముందు గొడవలో ఉంటున్నాడని నువ్వే నవంబరులో పంపించావు. "నీ మేనల్లుణ్ణి మనిషిని చెయ్యవే" అన్నావు. మీ బావగారు గోడౌన్లో లెక్క చూసే పని ఇప్పించారు. మూడు నెలలు వాడికి వండాను, ఉతికాను. సరదా మనిషే. వాడు వచ్చాక ఇంట్లో తెలుగు వినపడిందని సంతోషించాను కూడా.

మొన్న ఎనిమిదో తారీకు ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మ్యాచ్. మీ బావగారికి స్టాకు దిగే రోజు, రాలేదు. నేనూ కీర్తనా వెళ్ళేసరికి మణికంఠ గేటు దగ్గరే ఉన్నాడు, వెంట గోడౌన్లో లోడింగు చేసే ముగ్గురు, ఎ.కొండూరు వైపు కుర్రాళ్ళు.

"అత్తా, బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల కుర్చీలున్నాయిగా. వీళ్ళను కూడా మనవాళ్ళని చెప్పు."

"ఇంటివాళ్ళే రావాలిరా."

"మనవాళ్ళు కాదా ఏంటి? అందరం ఆ ఊరివాళ్ళమేగా. నువ్వు చెబితే ఎవరు కాదంటారు?"

మన ఊళ్ళో ఇది తప్పు కాదు. బస్సులో సీటు ఆపినా, ఆస్పత్రిలో చీటీ రాయించినా, ఎవరంటే మావాడే అంటాం. ఇక్కడ పుస్తకంలో రాసి సంతకం పెట్టడం అంటే వేరు. ఆ తేడా నాకు తెలుసు, తెలిసే నలుగురి పేర్లూ రాసి నాలుగు పేర్ల ఎదుటా మేనల్లుడు అని రాశాను. గేటు దగ్గర పుస్తకం చూస్తున్న సుహరా అది చూసి నవ్వింది.

"చేచ్చీ, నీకెంతమంది అన్నయ్యలు?"

"మా ఊళ్ళో అందరూ అన్నయ్యలే" అన్నాను. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆట మొదలయ్యాక మనవాళ్ళు కొత్త సినిమా మొదటి ఆట చూసినట్టు చూశారు. కుర్చీలెక్కారు, తువ్వాళ్ళు తిప్పారు, కాగితాలు చించి పోశారు. వెనక కూర్చున్న ముసలావిడ "కూర్చో నాయనా, కనపడట్లేదు" అని ఆమె భాషలో బతిమాలింది. మణికంఠ తిరిగి చూడలేదు.

"కూర్చోరా, వెనక పిల్లలున్నారు" అన్నాను.

"అత్తా, ఇది మ్యాచ్చు, భజన కాదు."

ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను అన్నయ్యా. అది దాచను. కీర్తన నా చెయ్యి పట్టుకుని "అమ్మా, నవ్వమాక" అంది.

అవతలి జట్టులో ఇబ్రహీం అని ఆఫ్రికా నుంచి వచ్చి ఆడే అతను ఉన్నాడు. ఈ సీజనంతా మా వీధి చివర గదిలో అద్దెకుంటున్నాడు. ఒకసారి కీర్తనకు గ్లౌజు పట్టీ ఎలా బిగించాలో చూపించాడు. అతను గోల్ కొట్టాడు. మణికంఠ కుర్చీ మీద నిలబడి, చంకలు గీరుకుంటూ కోతిలా అరిచాడు. ఒకసారి కాదు, బంతి అతని కాళ్ళ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ. మిగతా ముగ్గురూ అందుకున్నారు. కాసేపటికి ముందు వరసలో చిన్నపిల్లలు ఇద్దరు, ఆరేళ్ళుంటాయేమో, వీళ్ళను చూసి అలాగే చంకలు గీరుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ అమ్మ వాళ్ళ చేతులు పట్టుకుని కిందికి లాగుతోంది.

ఇబ్రహీం ఆట ఆపి మా వైపు కట్టిన తాడుదాకా నడిచి వచ్చాడు. నిలబడి చూశాడు. రిఫరీ విజిల్ వేశాడు. మైదానం అంతా మా గ్యాలరీ వైపు తిరిగింది.

ముగ్గురు కుర్రాళ్ళు మెట్ల కింద నుంచి జారుకున్నారు. సుహరా పుస్తకం పట్టుకుని వచ్చింది. వెనక కమిటీవాళ్ళు. వాళ్ళలో ఒకతను మణికంఠ చొక్కా పట్టుకోబోతే "ముట్టుకోవద్దు" అని అడ్డం నిలబడింది నేను. నేను వాణ్ణి కొట్టించానని చెప్పాడట నీతో. వాడి ఒంటి మీద దెబ్బ ఉంటే చూపించమను.

"చేచ్చీ, ఇందులో మీ ఇంటి మనిషి ఎవరు?" అని సుహరా అడిగింది. నవ్వు లేదు.

"ఇతనొక్కడే. మా అన్నయ్య కొడుకు. మిగతా ముగ్గురికీ అబద్ధం రాశాను."

తర్వాత మణికంఠతో అన్నాను, "పద, అతనికి క్షమాపణ చెప్పు."

"నేనా? వాడికా? మతి పోయిందా అత్తా నీకు? మ్యాచ్చన్నాక అందరూ అంటారు."

"అందరూ అనలేదు. నువ్వన్నావు."

"మా నాన్నకు చెబుతా చూడు."

"చెప్పు" అన్నాను.

వాడు కదల్లేదు. తాడు దాటి నేనే దిగాను. మడమల దాకా దుమ్ము. అతని ముందు నిలబడి రెండు చేతులూ జోడించాను. అతను నన్నొకసారి చూసి, పక్కకు తిరిగి నీళ్ళ క్యాను దగ్గరకు వెళ్ళిపోయాడు. నువ్వు పరువు పోయిందన్న దణ్ణం అది. నా జన్మలో నేను పెట్టిన దణ్ణాల్లో ఎవరూ పుచ్చుకోనిది అదొక్కటే.

మణికంఠ ఆ సాయంత్రమే చెప్పకుండా రైలెక్కాడు. బుధవారం కమిటీ కూర్చుంది. మొదటినుంచీ ఇష్టం లేని పెద్దలకు సందు దొరికింది. ఆడవాళ్ళ పేరు చెప్పి ఎవరెవరో దూరుతున్నారు, గొడవంతా అక్కడినుంచే వచ్చిందని ఫ్యామిలీ గ్యాలరీ ఎత్తేశారు. ఆడపిల్లల ఆట కూడా తీసేశారు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ మళ్ళీ మేడలెక్కారు. సుహరా నాతో మాట్లాడటం లేదు. మెట్ల మీద ఎదురైతే గోడ వైపు జరిగి దారి ఇస్తుంది. ఒక్క మాట తిట్టినా బాగుండేది. కీర్తన క్యాలెండర్ తీసి మంచం కింద పడేసింది. నాలుగు రోజులు నన్ను అమ్మా అని పిలవలేదు.

గురువారం నువ్వు ఫోన్ చేశావు. ఆ పొద్దున నేను ఎలా ఉన్నానో నువ్వు అడగలేదు.

అన్నయ్యా, నీకు గుర్తుందో లేదో. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన ఊరి సినిమా హాల్లో ఆడవాళ్ళ బెంచీల వెనక నువ్వూ నీ స్నేహితులూ నిలబడేవాళ్ళు. లావుగా ఉన్న ఆవిడ వస్తే ఒక అరుపు, నల్లగా ఉన్న పిల్ల వస్తే ఒక అరుపు. నన్నెవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మా అన్నయ్య ఉన్నాడని ధీమాగా కూర్చునేదాన్ని. పక్క పిల్లలు తలలు వంచుకుని కూర్చుంటే, వాళ్ళకు అన్నయ్యల్లేరు పాపం అనుకునేదాన్ని. వాళ్ళు భయపడింది నీకే అన్న మాట నాకు ముప్పై ఏళ్ళ తర్వాత, ఆ గ్యాలరీలో నీ కొడుకు పక్కన కూర్చుంటే తట్టింది. వాడు ఎక్కడో నేర్చుకోలేదు. మనింట్లో ఎవరూ తప్పు అనలేదు. నేనూ అనలేదు.

అందుకని రాస్తున్నాను. మణికంఠకు నేను క్షమాపణ చెప్పను. నీ గుమ్మం తొక్కవద్దన్నావు, తొక్కను. వదినను చూడకుండా, నీ చేత్తో పసుపు కుంకుమ పెట్టించుకోకుండా ఉండటం నాకు తేలిక అనుకోకు. ఉగాదికి రావాలని సెలవు కూడా అడిగి ఉన్నారు మీ బావగారు. వద్దని చెప్పాను. ఆయన ఆ పూట అన్నం సగం వదిలేశారు.

వాడి సామాను: ప్యాంట్లు మూడు, చొక్కాలు అయిదు, బనీన్లు నాలుగు, చెప్పులు ఒక జత, ఫోన్ ఛార్జరు, దువ్వెన. ఉతికి మడిచి సంచిలో కుట్టాను. తిరుగు లారీలో డ్రైవరు తెచ్చి మిల్లు దగ్గర దింపుతాడు, సరిచూసి తీసుకోండి. వదిన పంపుతానన్న కందిపొడి పంపనక్కర్లేదు. నీ మాత్రలు అయిపోయేదాకా ఆగకుండా ముందే తెచ్చుకో. పాదాలకు పుండ్లు పడకుండా చూసుకో. పెద్ద పిన్నికి, వెనకింటి తాతయ్యకు నా నమస్కారాలు. కీర్తన నీకు నమస్కారం రాయమనలేదు, రాయమన్నట్టు అబద్ధం చెప్పను. మాకు మీ దీవెనలు కావాలి, ఇష్టమైతేనే ఇవ్వండి.

నీ చెల్లెలు,
పద్మ

అడుగున ఒక మాట. నిన్న ఆదివారం పొద్దున ఇంగ్లీషు మాట సాయానికి కీర్తనను తీసుకుని ఇబ్రహీం గదికి వెళ్ళాను. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడాడు.

"అన్నది మీరు కాదు కదా" అన్నాడు.

"లోపలికి తెచ్చింది నేను. సంతకం నాది. అతను అరుస్తుంటే మొదట నవ్వాను కూడా."

కీర్తన నా మొహం చూసి, ఆ ఆఖరి మాట కూడా చెప్పింది. "ప్రతి సీజనూ ఎక్కడో ఒకచోట అరుస్తారు. ఇంటికి వచ్చి చెప్పినవాళ్ళు లేరు. సరేనని నేననలేను. విన్నాను" అన్నాడు. తలుపు మెల్లగా వేసుకున్నాడు.

ఇబ్రహీంకు నేను బాకీ పడిన క్షమాపణ, ఫిబ్రవరి 15న చెప్పడమైనది. చెల్లు.