అమ్మ ఇంకా డ్యూటీ దిగలేదు

ఫిబ్రవరి 2, సోమవారం

అక్క వెన్ను ఆపరేషన్ అయింది. ఆరు వారాలు మంచం దిగకూడదట. అమ్మ ఇవాళ్టి నుంచి నా దగ్గర.

ఐదేళ్లు అమ్మని అక్కే చూసింది. ఆ ఐదేళ్లూ నేనేం చేశాను? ఇంటి చాకిరీకి విలువ కట్టని సమాజం మీద వారం వారం పత్రికలో కాలమ్ రాశాను. బాగా రాస్తున్నావురా అని అక్క కూడా అంది. నాకు యాభై మూడేళ్లొచ్చాక డైపర్ ఎలా మార్చాలో ఇవాళ ఆస్పత్రి మంచం మీద నుంచి వీడియో కాల్‌లో అక్కే నేర్పింది. ముందుది వెనక పెట్టావురా, నన్ను నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి అంది.

ఫిబ్రవరి 4, మధ్యాహ్నం రెండు

తినదు. కంచం పక్కకి జరిపి, ఆఖరి బస్సు లోపలికి రానివ్వండి అంటుంది.

బస్ డిపోలో ముప్పై ఒక్కేళ్లు టైమ్ కీపర్ అమ్మ. బయటికెళ్లిన ప్రతి బస్సూ తిరిగొచ్చిందని షీట్‌లో రాసేదాకా సీటు దిగేది కాదు. అన్నం డబ్బా మూత తీసేది కాదు.

డిపో లేదమ్మా, కూలగొట్టి పన్నెండేళ్లయింది, అక్కడిప్పుడు కార్ల షోరూమ్ ఉంది అని చెప్పాను. జనం స్థలాన్ని ఎవరు ఎవరికి కట్టబెట్టారో కూడా చెప్పాను. దాని మీద అప్పట్లో మూడు వ్యాసాలు రాశాను, పాయింట్లన్నీ నోటికొచ్చు. అమ్మ ఓపిగ్గా వింది. అరవకండి బాబూ, ఫిర్యాదుల పుస్తకం కిటికీ పక్కనుంది, అందులో రాయండి అంది.

ఫిబ్రవరి 6

ప్రభుత్వాస్పత్రి. బయట మూడు గంటలు, లోపల మూడు నిమిషాలు. అమ్మ బరువు ముప్పై ఎనిమిది కిలోలు. పోయిన నెల నలభై ఒకటి.

ఆల్జైమర్స్‌లో ఇది మామూలే అన్నాడు డాక్టర్. ఇరవయ్యో తారీఖుకి ముప్పై ఏడు కంటే తగ్గితే అడ్మిట్ చేసి ముక్కులోంచి ట్యూబ్ వేస్తాం, పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టాల్సి రావచ్చు అన్నాడు. వాన పడొచ్చు అన్నట్టు అన్నాడు.

లేచాను. ఇలాంటి వాళ్లని పగటిపూట చూసుకునే సెంటర్ ఒక్కటి పెట్టలేని ప్రభుత్వం, కట్టేయడానికి తాళ్లు మాత్రం కొంటుందా అని అడిగాను. ఆయన నెక్స్ట్ అన్నాడు.

కారిడార్‌లోకి వచ్చాక చూసుకున్నాను. నేను అరిచినంతసేపూ అమ్మ వేళ్లు నా పిడికిట్లోనే ఉన్నాయి. ఎర్రగా కమిలాయి.

ఫిబ్రవరి 8, సాయంత్రం

ఏడో నంబర్ రాలేదేం అంది.

ఏడో నంబర్ నాన్న బస్సు. అదే డిపోలో డ్రైవర్. టైమ్ రాయించుకోవడానికి కిటికీ దగ్గరికి వచ్చీ వచ్చీ పెళ్లి చేసుకున్నాడని అక్క ఏడిపించేది.

నాన్న పోయి తొమ్మిదేళ్లయిందమ్మా అన్నాను. నేను అబద్ధం చెప్పను. మతి పోయింది కదా అని మనిషిని మభ్యపెట్టడమంటే ఆ మనిషిని లెక్కలోంచి తీసేయడమే. మంత్రులు మనల్ని చేసేది అదే కదా. ఇంట్లో నేనూ అదే చేయాలా?

అప్పుడే తెలిసినట్టు ఏడ్చింది. ఎప్పుడు, ఎక్కడ, నాకు కబురెందుకు పెట్టలేదు అని నిలదీసింది. గంట తర్వాత కళ్లు తుడుచుకుని, ఏడో నంబర్ రాలేదేం అంది.

మళ్లీ చెప్పాను.

ఫిబ్రవరి 9

నాలుగుసార్లు చెప్పాను. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

అక్క పోరు పడలేక అమ్మని తీసుకుని వెళ్లాను. లైబ్రరీ మీద గది, తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు. ఇంట్లో ఇలాంటి వాళ్లున్నవాళ్లు బుధవారం బుధవారం కలుసుకుంటారట.

మొదటి పావుగంట నేనే మాట్లాడాను. రాజ్యం చేతులు దులిపేసుకుంటే మనం కుర్చీలు వేసుకుని ఒకరినొకరు ఓదార్చుకుంటున్నాం, ఇది సాయం కాదు లొంగుబాటు అన్నాను. ఎవరూ అడ్డు రాలేదు. ఒకావిడ మాత్రం లేచి, నా భుజానికున్న అమ్మ సంచీ తీసి పక్కన పెట్టింది. అప్పటిదాకా అది దించలేదని నాకే తెలీదు.

సెలూన్ నడుపుకునే ఆయనొకడు. వాళ్ల నాన్నని ఏడేళ్లుగా చూస్తున్నాడట. మీరన్నది అక్షరాలా నిజం సార్, అర్జీ రాయండి, మొదటి సంతకం నాది అన్నాడు. ఇంతకీ ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారా అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే నాన్న సంగతి బయటపెట్టాను.

రోజుకి ఎన్నిసార్లు చెప్తున్నారు అన్నాడు. మూడు నాలుగు అన్నాను. అయితే అమ్మగారికి రోజుకి మూడు నాలుగుసార్లు మొగుడు పోతున్నాడన్నమాట అన్నాడు.

అబద్ధం చెప్పమంటారా అన్నాను. నాకు తెలీదు సార్, మా నాన్న ఏ బస్సు కోసమూ చూడడు, మీ అమ్మగారి డిపోలో చేసిన కండక్టర్ ఒకాయన గడ్డానికి మా షాపుకే వస్తాడు, పంపిస్తాను అన్నాడు.

ఫిబ్రవరి 12

మందుల షాపు బరువు మిషన్ మీద ముప్పై ఏడున్నర.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం

అబద్ధం చెప్పేశాను. ఏడో నంబర్ వచ్చేసిందమ్మా, తిను అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

షీట్ ఏది అంది. నోటిమాటకి ఎంట్రీ వేయనంది. గబగబా కాగితం మీద గీతలు కొట్టి రాసిచ్చాను. ఒక్క చూపు చూసింది. కిలోమీటర్లేవి, డీజిల్ ఏది, డ్రైవర్ సంతకమేది, ఎవడయ్యా నీకు ఉద్యోగమిచ్చింది అంది. దొంగ ఎంట్రీకి మెమో ఇస్తానంది. కాగితం చింపి కంచంలో పడేసింది.

సిద్ధాంతమూ పోయింది, ముద్దా దిగలేదు. ఇరవయ్యో తారీఖుకి ఇంకా వారమే ఉంది. వంటింట్లోకి వెళ్లి గ్లాసు నేలకేసి కొట్టాను. ముక్కలు నేనే ఏరుకున్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

కండక్టర్ వచ్చాడు. డెబ్భై దాటాయి. ఇస్త్రీ చొక్కా, బిగించిన బెల్టు. నమస్తే మేడమ్ అన్నాడు. కన్నకొడుకుని ఎవరు బాబూ అనే మనిషి, ఆయన్ని చూడగానే ఏమయ్యా ఇవాళా లేటేనా అంది. అసూయ పడ్డాను. రాయడానికి సిగ్గేస్తోంది. అయినా పడ్డాను.

వంటింట్లోకి తీసుకెళ్లి అంతా చెప్పాను. పెద్ద చదువులు చదివారు, ఇంతేనా సార్ మీకు తట్టింది అన్నాడు. అన్ని బస్సులూ రాత్రికి డిపోకి రావట, దూరం ఊళ్లకి పోయేవి అక్కడే ఆగి తెల్లారి బయల్దేరతాయట. వాటి ఎదుట నైట్ హాల్ట్ అని రాస్తే చాలట, టైమ్ కీపర్ డ్యూటీ దిగొచ్చు. మేడమ్ దగ్గర దొంగ ఎంట్రీ పెట్టబోయారా, మేం ముప్పై ఏళ్లు ఒక్కటీ పెట్టలేకపోయాం అని నవ్వాడు.

షీట్‌లో కాలమ్‌లన్నీ ఆయనే గీశాడు. రాయడం మాత్రం నన్నే రాయమన్నాడు, రేపు నేనుండను కదా సార్ అని. 7, నైట్ హాల్ట్ అని రాశాను.

అమ్మ వేలు పెట్టి చదివింది. హాల్ట్ ఎక్కడ అంది. నేను నోరు తెరిచాను. లైన్ చివర మేడమ్ అన్నాడు కండక్టర్. పడుకోవడానికి చోటుందా అంది. ఉంది మేడమ్, గాలి బాగా వస్తుంది అన్నాడు.

సంతకం పెట్టింది. చేతులు కడుక్కొస్తానని లేచింది.

పదకొండు ముద్దలు. లెక్కపెట్టాను. ఇది అబద్ధమా కాదా అని నాలో నేను మొదలుపెట్టబోయాను. ఇంతలో అమ్మ మంచినీళ్లు అడిగింది.

ఫిబ్రవరి 20

ముప్పై ఏడు కిలోల తొమ్మిది వందలు. ట్యూబ్ ఇప్పుడే వద్దన్నాడు డాక్టర్. వచ్చే నెల మళ్లీ చూస్తాడట. పగటి సెంటర్ అర్జీ ఇచ్చాను, బుధవారం వాళ్ల సంతకాలు పదకొండు. చదవకుండా సొరుగులో పెట్టాడు. వచ్చే నెల దాని గురించే ముందు అడుగుతానన్నాను. ఈసారి అరవలేదు. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది.

ఫిబ్రవరి 25, బుధవారం

అమ్మ దగ్గర కండక్టర్‌ని కూర్చోబెట్టి లైబ్రరీకి ఒక్కణ్నే వెళ్లాను. గంట ఆలస్యమైంది. వచ్చేసరికి కంచం మీద మూత అలాగే ఉంది. బస్సులన్నీ షీట్‌లో ఎక్కాయి సార్, అయినా తినలేదు అన్నాడు కండక్టర్.

షీట్ చూశాను. అన్నిటికిందా అమ్మ చేతిరాతతో ఒక లైను. ఇంట్లో ఉండే అబ్బాయి, ఇంకా రాలేదు.

అమ్మ నన్నూ గడియారాన్నీ చూసి, ఆ లైను పక్కన టైమ్ వేసి, అన్నం పెట్టమంది.