రైలు కాలనీ వంటలు: రెండో ముద్రణ

నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
9 జూన్ 2024

ప్రియమైన ఆండాళమ్మగారికి,

నమస్కారాలు. మీకు ఫోనులో మాట వినబడదని మీ మేనకోడలు ప్రసూన చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నేను పట్టాలపక్క ప్రచురణల అప్పలస్వామిగారి అబ్బాయిని, జగన్నాథాన్ని. మీరు ఇక్కడ రైల్వే క్వార్టర్‌లో ఉన్న రోజుల్లో నాకు నాలుగేళ్ళు.

నాన్న పోయాక సంస్థని నేనే నడుపుతున్నాను. ఈ దసరాకి మూసేస్తున్నాను. మొత్తం నలభై ఒక్క పుస్తకాలు వేశాం. టికెట్ లేని ప్రయాణికుల మీద ఒక టీటీఈగారు రాసిన హాస్యకథలు, సిక్కోలు నుంచి పట్టాలు వెయ్యడానికి వచ్చిన మనవాళ్ళ చరిత్ర, తొమ్మిది డిటెక్టివ్ నవలలు, పాత వంట పుస్తకాలు. "నవ్వు, జ్ఞాపకం, భయం, ఆకలి. ఈ నాలుగూ ఉన్నంతకాలం మనకి పాఠకులుంటార్రా" అనేవారు నాన్న. నాలుగూ ఉన్నాయమ్మా. తెలుగు చదవడమే పోయింది. మొన్న లోకో షెడ్‌లో పనిచేసే కుర్రాడు దిలీప్ ఒక డిటెక్టివ్ నవల అట్ట చూసి ముచ్చటపడి, "అంకుల్, యే హిందీ మే నహీ హై?" అని అడిగి, హిందీలో లేదనగానే అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

మూసేముందు ఒక్క పుస్తకం వెయ్యాలని ఉంది. 1969లో నాన్న అచ్చువేసిన మీ 'రైలు కాలనీ వంటలు'. మా దగ్గర బాగా అమ్ముడుపోయిన పుస్తకం అదొక్కటే. అనుమతి ఇవ్వండి.

మీ
జగన్నాథం

*

విజయనగరం
20 జూన్ 2024

చిరంజీవి జగన్నాథానికి ఆశీస్సులు.

నాయనా, ఆ పుస్తకాన్ని నా పేరుతో వెయ్యకు. అందులో ఒక్క వంట కూడా నాది కాదు.

నాకు తొలికాన్పు అయినప్పుడు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ నూకరాజు భార్య చిన్నతల్లి సాయానికి వచ్చేది. పుట్టింటివాళ్ళు ఎవరూ రాలేదు. నాకు తిండి సయించేది కాదు. ఆవిడ పనసపొట్టుకి ఆవపెట్టి వండితే, బాలింతని అయ్యుండీ ఇంకాస్త పెట్టమని అడిగాను. సంతలో దొరికే చేచ్ ఆకుకూరని మన గోంగూరలా పప్పులో వేసేది. ఆ ఊళ్ళో దొరికేవాటితో మన వంట ఎలా చేసుకోవాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆరునెలలపాటు మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని ఆవిడ చెబుతుంటే నేను రాశాను. ఆవిడకి అక్షరం రాదు. "అమ్మా, నా పేరు కూడా ఎడతావా?" అని అడిగింది. వేస్తానన్నాను.

మావారు ఒప్పుకోలేదు. "పాయింట్స్‌మన్ పెళ్ళాం చెప్పిన వంటలని తెలిస్తే మనవాళ్ళు పుస్తకం ముట్టుకుంటారా?" అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. నెత్తళ్ళు, ఎండురొయ్యలు, చేపల పులుసులు కొట్టేశాను. మిగిలినవాటికి నా పేరు పెట్టుకున్నాను. ఆవిడకి ఒక ప్రతి ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. మరో నెలకి మాకు బదిలీ అయింది.

ఆవిడ ఉందో లేదో కనుక్కో. పుస్తకం వేస్తే ఆవిడ పేరుతోనే వెయ్యి. పేరు లేదన్న సంగతి ఆవిడకి తెలిసిందా లేదా? నాకు అదొక్కటీ తెలిస్తే చాలు.

ఇట్లు
ఆండాళ్

*

నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
14 జూలై 2024

ప్రియమైన ఆండాళమ్మగారికి,

తొమ్మిది డిటెక్టివ్ నవలలు అచ్చువేశాను కానీ ఒక మనిషిని వెతకడం ఇంత కష్టమని ఇప్పుడే తెలిసింది. మీరున్న క్వార్టర్లు కూల్చేశారు. నూకరాజుగారు చివర్లో గతౌరా స్టేషన్‌లో చేశారని విని అక్కడికి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన ఉస్లాపూర్ వెళ్ళి చూడమన్నారు. మూడు ఆదివారాలు తిరిగితే చిన్నతల్లిగారి అమ్మాయి సౌభాగ్యగారి ఇల్లు దొరికింది.

చిన్నతల్లిగారు పోయి పదమూడేళ్ళయిందట. కానీ మీరు మనసు కుదుటపరచుకోండి. పుస్తకంలో తన పేరుందనే ఆవిడ చివరిదాకా అనుకున్నారట. వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయేవారట.

ఆవిడ పేరుతోనే వేద్దాం. మీరు తీసేసిన వంటలు గుర్తుంటే రాసి పంపండి.

మీ
జగన్నాథం

*

విజయనగరం
2 ఆగస్టు 2024

ప్రియమైన నాయనా జగన్నాథం,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చిన్నతల్లి మురిసిపోయిందన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాను. దేవుడు నన్ను ఇంత తేలిగ్గా వదిలేస్తాడనుకోలేదు.

కొట్టేసిన వంటలు పదిహేడు. పాత నోటుబుక్కు ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. చూసి రాసి పంపుతున్నాను. నేను ఎన్నడూ రుచి చూడనివి. అయినా నెత్తళ్ళలో మామిడికాయ ముక్క ఎప్పుడు వెయ్యాలో ఆవిడ చేత్తో చూపించడం కళ్ళకి కట్టినట్టుంది.

సెప్టెంబరు ఎనిమిదికి కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీయించాను. ప్రసూన తోడు వస్తుంది. పుస్తకం నలుగురిలో సౌభాగ్య చేతికిచ్చి, అది ఎవరిదో నా నోటితో చెబుతాను. ఆ అమ్మాయికి చెప్పి ఉంచు.

ప్రేమతో
ఆండాళ్

*

నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
18 ఆగస్టు 2024

ప్రియమైన అమ్మా,

టికెట్ రద్దు చేయించండి. నేను మీకు అబద్ధం రాశాను.

ఉస్లాపూర్‌లో జరిగింది ఇదీ. నేను పుస్తకం పేరు చెప్పగానే సౌభాగ్యగారు, "ఏటి బాబూ, ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా?" అన్నారు.

పుస్తకం వచ్చేనాటికి ఆవిడకి ఏడేళ్ళు. కాలనీలోని తెలుగు బడిలో రెండో తరగతి. "అమ్మ బుక్కు తెచ్చి నా ఒళ్ళో ఎట్టి, నా పేరు ఎక్కడున్నాదో సూపించవే అంది. అట్ట కాడినుంచి ఆఖరి పేజీ దాకా అచ్చరం అచ్చరం కూడబలుక్కున్నాను. నేదమ్మా అన్నాను. నాకు సదువు రాటం లేదనుకొని కొట్టింది. మర్నాడు పంతులమ్మ కాడికి అట్టుకెల్లింది. ఆవిడా సదివి నేదంది."

"అమ్మ ఏమంది?" అని అడిగాను.

"వారం తిరక్కుండా నన్ను తెలుగు బడి మానిపించి హిందీ బడిలో ఏసింది. తెలుగు అచ్చరాల్లో మన పేరుండదే అంది. బస్, అంతే. ఇప్పుడు నాకు తెలుగు సదవడం రాదు."

ఇప్పుడైనా అమ్మగారి పేరు వేస్తాం, మీరు ఒప్పుకోండి అని బతిమాలాను. ఆవిడ నవ్వారు. "ఎవులు సదువుతారు బాబూ? నేను సదవలేను. నా పిల్లలకి ఒక్క అచ్చరం రాదు. రహనే దో, ఉండనీయండి. మా అమ్మ అడిగినప్పుడు ఎయ్యనోల్లు ఇప్పుడెయ్యక్కర్లేదు."

మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అబద్ధం రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కాదమ్మా. మీకు నిజం తెలిస్తే పుస్తకం ఆగిపోతుందని భయపడ్డాను. మీరు తృప్తిగా ఉంటే ఆ వంటలు పంపుతారు, ఈలోగా సౌభాగ్యగారిని ఎలాగో ఒప్పించవచ్చు అనుకున్నాను. మీ ఉత్తరం పట్టుకుని నిన్న మళ్ళీ వెళ్ళాను. మీరు వస్తున్నారని చెప్పాను. వద్దన్నారు. వెళ్ళొస్తానని గుమ్మం దిగుతూ, మీ అమ్మగారికి ఆండాళమ్మగారి మీద చాలా కోపం ఉండేదా అని అడిగాను.

"కోపం నేదు బాబూ. ఆవిడ పేరెత్తడమే ఒగ్గేసింది."

పట్టాలు వెయ్యడానికి వచ్చినవాళ్ళ చరిత్ర వేశామని గొప్పగా చెప్పుకుంటాను కదా, రాత్రి దాన్ని మళ్ళీ తిరగేశాను. మూడువందల పేజీల్లో ఒక్క ఆడమనిషి పేరు లేదు. దానికి ప్రూఫులు దిద్దింది నేనే.

పుస్తకం వెయ్యడం లేదు. మీరు పంపిన పదిహేడు వంటలూ సౌభాగ్యగారికి ఇవ్వబోయాను, తీసుకోలేదు. వాటిని తిరిగి మీకే పంపుతున్నాను. నా దగ్గర ఉంచుకునే హక్కు నాకు లేదు.

ఉస్లాపూర్ రాకండమ్మా. వస్తే సౌభాగ్యగారు తలుపు తీస్తారు. కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు. అంతకు మించి మీకివ్వడానికి ఆ ఇంట్లో ఏమీ లేదు.

క్షమించమని అడగలేని
జగన్నాథం