మీ అర్జీలే గెలిపించాయి

ఏవండీ,

మీరు పోయి నేటికి ఏడాది. ఏడవకూడదనుకున్నాను గానీ, నిన్న జరిగిన సంగతికి నవ్వే ఆగడం లేదు.

మన చర్చి ముందున్న బయలులో ఇళ్ళు కట్టి అద్దెలకిస్తానని ఏలూరు కంట్రాక్టరు ఒకాయన బయల్దేరాడు. అది ఎవరూ వాడని బంజరేనట. నిన్న తహసీల్దారుగారు విచారణకొస్తే మన సంఘంవాళ్ళం, కొల్లేటి చేపలవాళ్ళు అందరం వెళ్ళి నిలబడ్డాం.

"తాతలనాటి నుంచీ మా వలలు ఇక్కడే ఆరేస్తున్నామండీ," అంది నాంచారమ్మ.

"కాగితం ఏదైనా ఉందా?" అన్నారాయన.

ఎవరి దగ్గరా లేదు. నాంచారమ్మ నావైపు తిరిగి, "మేష్టారు మా మీద ఏటేటా అర్జీ పెట్టేవారు కదండీ అమ్మగారూ," అంది.

గుమాస్తా ఆ నేల తాలూకు కట్ట విప్పాడు. డజను అర్జీలు, అన్నీ మీ గుండ్రటి అక్షరాలే. బయలంతా వలలేననీ, కాలు పెట్టే చోటు లేదనీ, ప్రార్థన వేళ చేపల కంపు భరించలేకపోతున్నామనీ. తహసీల్దారుగారు ఒక్కొక్కటే పైకి చదువుతుంటే అందరికంటే ముందు నాంచారమ్మే నవ్వింది. కంట్రాక్టరు గొడుగు తీసుకుని బండెక్కేశాడు. ఊరుమ్మడి బయలని రాసుకుని వెళ్ళారు తహసీల్దారుగారు.

ఇవాళ ఆదివారం. ప్రార్థనకి వెళ్ళి, మీరు విసుక్కుంటూ మూసే తూర్పు కిటికీ నేనే తీశాను. కంపు మీరు రాసినంతా ఉందండీ. ఆఖరి పాట అయ్యేదాకా మూయలేదు.