కాలి పట్టీ మీద కాడ్ చేప

నాన్నా,
లేవగానే కంగారుపడకు, నీకేం కాలేదు. తలకీ రెండు చేతులకీ ఉన్న కట్లు నా పనే. పడవ దిగొచ్చి నువ్వు మొద్దునిద్ర పోతుంటే నర్సింగు పరీక్షకి ప్రాక్టీసు చేసుకున్నాను. విప్పేలోగా బస్సు టైమైపోయింది. చేతులు ఖాళీ లేవు కదా అని ఈ చీటీ నీ కళ్లకెదురుగా లైటుకి అంటించాను. పక్కింటి గున్‌వోర్ అత్త నాలుగింటికొచ్చి విప్పుతుంది. కత్తెర పెట్టనివ్వకు, ఆ గుడ్డ కాలేజీది. ఆవిడ నవ్వితే నవ్వనీ.

రోగులకి కట్టినట్టు నీ కాలికి కట్టిన పేరు పట్టీ మీద "కాడ్ చేప" అని రాసుంది. పేరు రోగినే అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయాలని మా రూలు. నిద్రలో నువ్వు చెప్పిందదే. పోయినసారి అడక్కుండా రాశానని నన్ను ఫెయిల్ చేశారు. నీ పనే నయం, చేపల్ని పేరడగక్కర్లేదు.

ఇవాళ తప్పితే ఇంకో ఛాన్సు లేదు. తిట్టుకోకు.
సున్నివా

అన్నట్టు, నీ బీపీ కూడా చూశాను. మూడుసార్లు చూస్తే మూడుసార్లూ నూట ఎనభై. సోమవారం డాక్టరు దగ్గరికి పోదాం. నేను ముట్టుకున్నదల్లా తప్పే అంటుందిగా మా టీచరు, ఇదీ తప్పయితే బాగుణ్ణు.