దయ్యానికి కోడ్ లేదు

తమ్ముడూ దానియేలూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఖమ్మం దవాఖానాలో నీ కేసు షీటు అడిగాను. రికార్డుల గదిలో జబ్బులకు కోడ్ నంబర్లు వేసే అమ్మాయి తీసి చూపించింది.

"దయ్యమని ఏడ రాసిండ్రమ్మా?" అన్నాను.

"దయ్యానికి కోడ్ లేదు అయ్యగారూ. ఇది భ్రమల జబ్బు. దీనికి మందులున్నయి."

ఆనాడు డాక్టరు నిన్ను అడిగినవాటికి నేనే జవాబులిచ్చాను. మందులు వద్దని, దయ్యాన్ని వెళ్లగొడతానని ములకలపల్లిలో నా చర్చికి తెచ్చి ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టాను. నువ్వు మళ్లీ లేవలేదు. బైబిల్లో దయ్యాలు పట్టి సమాధుల్లో తిరిగినవాణ్ని సైతం ప్రభువు నీ పేరేమని అడిగాడు. నేను నిన్ను ఒక్క మాట అడగలేదు.

ఆనాడు నన్ను బయటికి పంపాక నువ్వు డాక్టరుతో చెప్పింది, షీటులో ఉన్నది, ఆ అమ్మాయి చదివి వినిపించింది: "అందరు అన్నంల విషం కలుపుతుండ్రు. మా అన్న పెడితేనే తింట."

ఆ అన్నే నిన్ను పస్తు పెట్టాడు.