పైడికి పెట్టమన్న కోక

మార్చి 10, 1969
ఎనిమిదో తరగతి. అమెరికా రాజ్యాంగం పాఠం. స్వేచ్ఛ కోసం పోరాడినవాళ్లే బానిసల్ని బానిసలుగానే ఉంచేశారని చెప్పాను. దక్షిణాది రాష్ట్రాలు విడిపోతాయని భయం. రాజీపడ్డారు. చట్టసభలో సీట్ల లెక్కకు మాత్రం అయిదుగురు బానిసలు ముగ్గురు మనుషుల కింద లెక్క!
పైడి లేచింది. "అంత సదువుకున్నోలు గదా టీచరమ్మా... ఆ బానిసల్ని ఒక్క మాటైనా అడగనేదా?"
అడగలేదే, పైడీ.
మా కంబారి సింహాచలం కూతురు. ఏడాది పొడుగునా మా పొలమూ మా పశువులూ చూసే మనిషి బిడ్డ. వాళ్ల వీధిలో ఎనిమిది దాకా వచ్చిన ఆడపిల్ల ఇదొక్కతే.

మార్చి 12
నెల్లిమర్ల జూటు మిల్లులో పని దొరికిందట సింహాచలానికి. "ఈ కొత్తమావాస్యకి నాను బట్ట అందుకోను బాబూ" అన్నాడు. బావగారికి కాఫీ పొలమారింది.
ఉగాది ముందొచ్చే ఆ అమావాస్యనాడు ఇల్లాలి చేతి బట్ట అందుకుంటే మళ్లీ ఏడాది దాకా ఆ గడప వదలకూడదు. అతని తాత అందుకున్నాడు, అయ్య అందుకున్నాడు. ఇతను అందుకోనంటున్నాడు. భేష్!

మార్చి 13
భోజనాల దగ్గర మా ఆయన వాళ్ల అన్నగారి మొహానే అనేశారు — "వెట్టి సేయించుకోడం మన రాజ్యాంగంలోనే నేరం అన్నియ్యా."
పొంగిపోయాను. అడక్కుండానే ఇంకో గరిటె పులుసు వేశాను.

మార్చి 16
రాజీ అట! రాజీ!
ఊరి రైతులంతా మా అరుగు మీద కూర్చుని తేల్చారు. సింహాచలం మిల్లుకి పోవచ్చు. ఇకమీదట ఎవర్నీ కంబారి అనకూడదు, "ఇంటిమనిషి" అనాలి. అతని బదులు మాత్రం పైడి మా పశువుల శాలలో ఉండాలి. పేడ తీయడం, కుడితి పెట్టడం. బడి మానెయ్యాలి. కాదంటే వాళ్ల గుడిసె ఖాళీ చెయ్యాలి, ఆ స్థలం మాది కాబట్టి. సింహాచలం తల దించుకున్నాడు.
ఆ తీర్పు చదివింది ఎవరు? ఆయనే. పొందూరు పంచె మడత నలక్కుండా.
నిలదీస్తే — "ఊరు రెండుగా సీలిపోతే బాగుంటాదేటి? ముందు ఆడ్ని బయటపడనీ. పిల్ల సంగతి తరవాత సూద్దుం."
తరవాత! గోడమీద పిల్లి. ఒళ్లు మండిపోతోంది నాకు.

మార్చి 17
మాటల్లేవు మా మధ్య. కూరలో ఉప్పు ఎక్కువైంది. అయితే అయింది.
తోటికోడలు బొబ్బిలిలో పుట్టింట్లో ఉంది. కనక రేపు కోక పెట్టాల్సింది నేనేనట. బావగారు తెచ్చి పీట మీద పెట్టి, నావైపు చూడకుండా — "ఇల్లాలి సేత్తో పెడితేనే కట్టుబాటు."
పొద్దున బళ్లో పాఠం రాసిన చెయ్యే కావాలి వీళ్లకి.
ఆకుపచ్చ కోక. పైడి ఇంకా పరికిణీలే కడుతోంది...

మార్చి 18, కొత్తమావాస్య
అంచులకు పసుపు రాయమన్నారు. రాయలేదు.
పైడి తలంటుకుని వచ్చింది. భుజాన బడి సంచి, పిచ్చిపిల్ల. వెనక సింహాచలం.
ఆయన గదిలోకి వచ్చి — "తెములు. నలుగురూ సూస్తన్నారు."
చూడనీ.
కోక నా ఒళ్లోనే ఉంది. నేను పెట్టకపోతే పైడికి ఏ కట్టుబాటూ లేదు. పెట్టకపోతే వాళ్లకి గుడిసె కూడా లేదు...
తలుపు అవతల్నుంచి పైడి — "టీచరమ్మా, మరి ఆ అమెరికావోలు బానిసల్ని ఎప్పుడొగ్గీసినారు? పాఠం అక్కడికి రానేదు."
దగ్గర దగ్గర ఎనభై ఏళ్లకి. అదీ ఒకళ్లనొకళ్లు చంపుకున్నాక.
దానికి ఎలా చెప్పను?
బావగారు పిలుస్తున్నారు. మళ్లీ.