మా కాలనీ పట్టుకున్న దొంగ

దోస్తు సాయిలుకు,

నీ మెసేజ్‌లన్నీ చూశాను. జవాబు ఇవ్వలేదని కోపం పెట్టుకోకు, తప్పు నాదే. టైపు చేద్దామని ఫోన్ పట్టుకుంటే చాలు, అర కిలో చక్కెర కోసం ఎవరో ఒకరు దుకాణం ముందు నిలబడతారు. ఇప్పుడు గిరాకీ లేదు, గబగబా కొడుతున్నాను. అక్షరాలు తప్పితే నువ్వే సర్దుకో. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బాపు ఈ చలిలో కూడా పొలం పోతున్నాడా? మేం బాగున్నాం. నిజంగానే బాగున్నాం. ఇన్నిసార్లు ఎందుకు చెప్తున్నానంటే, మేం పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కామని నీ చెవిన పడే ఉంటుంది.

ఎల్లారెడ్డిలో మనం తుమ్మితే బస్టాండు దాకా తెలిసేది కదా. కామారెడ్డి శివారులోని ఈ కొత్త కాలనీలో పక్కింటాయన పేరు కూడా తెలియదు. అంతా ప్లాట్ నంబర్లే. "పద్నాలుగో నంబరోళ్లకు పాలు పోసినవా?" ఇదీ ఇక్కడి వరస. నీళ్లు మంచివే, కూరగాయలు దొరుకుతాయి, కానీ మాటకే కరువు. సాయంత్రం అయితే నీ హోటల్ ముందు బెంచీ యాదికొస్తుంది.

చలికాలం మొదట్లో ఇద్దరు బండి మీద వచ్చి ఒక ముసలమ్మను తోసేసి మెడలో గొలుసు తెంపుకుపోయారు. పాపం, ఆమెకు భుజం విరిగింది. అంతే, కాలనీ గ్రూపులో రోజుకో ముఠా దిగింది. కత్తుల ముఠా, రాడ్ల ముఠా, ఒంటికి నూనె రాసుకున్న ముఠా. కాలనీ అధ్యక్షుడు పటేల్ సారు మగవాళ్లందరితో కాపలా దళం పెట్టాడు. కర్రలు, టార్చిలైట్లు, విజిళ్లు, అన్నీ నా దుకాణంలోనే కొన్నారు. కారంపొడి అయితే పండుగకు కూడా అంత అమ్మలేదు. నేను మాత్రం భయపడుతున్నట్టు మొహం పెట్టుకుని తూకం వేశాను. ఇంట్లో సుజాత మాత్రం నిజంగానే భయపడి, నస్రుల్లాబాద్‌లో ఉన్న తమ్ముడికి రోజూ ఫోన్ చేసి ముఠాల కథలన్నీ చెప్పింది.

ఆ తమ్ముడే, మా బామ్మర్ది గంగాధర్. దుబాయి వీసా వచ్చిందని మా అత్తగారు ఎల్లమ్మకు మేకపోతును కోసింది. వాళ్లింట్లో ఆనవాయితీ నీకు తెలుసు, మేకను కోస్తే తలకాయ అల్లుడింటికి పంపాల్సిందే. దాన్ని గోనెసంచిలో వేసుకుని ఆదివారం సాయంత్రం బస్సు దిగి, దుమ్ముకు మొహానికి తువ్వాల చుట్టుకుని మావాడు కాలనీలోకి నడిచాడు. సంచి కింద ఎర్రగా చుక్కలు పడుతున్నాయి.

ఎదురుగా కాపలా దళం. చలికి అందరూ మంకీ టోపీలు పెట్టుకున్నారు, కళ్లు తప్ప ఏమీ కనపడవు, చేతుల్లో కర్రలు. వాళ్లకు వీడు దొంగ. వీడికి అక్క చెప్పిన ముఠా వీళ్లే.

"ఎవడ్రా నువ్వు? సంచిల ఏమున్నది, చూపియ్!" అన్నాడట పటేల్ సారు.

"అక్కకు పోయేది మీకెందుకిస్త? నా పాణం పోయినా ఇయ్య!" అని మావాడు సంచిని గిరగిరా తిప్పి ఒక్కటిచ్చాడు. సారు నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి. విజిళ్లన్నీ ఒక్కసారే మోగాయి. నేను కూడా కర్ర పట్టుకుని దొంగను కొడదామని ఉరికి చూస్తే, మా బామ్మర్ది!

ఎంత బతిమాలినా పటేల్ సారు వినలేదు. "కేసు పెడుత. అంతే!" అన్నాడు. సాయిలూ, దుబాయి పోవాలంటే వాడి మీద కేసు లేదని పోలీసుల కాగితం కావాలి. కేసు పడితే వీసా పోయినట్టే. సుజాత ఏడుస్తూనే తలకాయ కాల్పించి తెచ్చింది. "కేసు ఆగినా ఆగకున్నా, కూర ఆగుతదా?" అని వండేసి, పొద్దున్నే ఒక గిన్నె పటేల్ సారు ఇంటికి మాఫీ అడగడానికి తీసుకుపోయింది. సారు అప్పటికి స్నానంలో ఉన్నాడట, గిన్నె ఆయన భార్య చేతికిచ్చి వచ్చింది.

ఆ పగలే అందరం స్టేషన్‌కు పోతే, పెద్ద జమాదారు కాగితం ముందు పెట్టుకున్నాడు. "దేంతోని కొట్టిండు?"

సారు బొప్పి తడుముకున్నాడు. "మేక తలకాయతోని."

"మరి ఏదది? ముందు పెట్టుండ్రి."

సారు నా వైపు తిరిగాడు. "ఏడ దాచిండ్రు?"

నేను నోరు తెరవకముందే ఆయన భార్య తలుపు దగ్గర నుంచి అంది, "పొద్దున జొన్నరొట్టెల రెండుసార్లు ఏసుకొని తింటివి గదా. బొక్క గూడ చీకితివి!"

జమాదారు పెన్ను కింద పెట్టి బల్ల మీద తల వాల్చి నవ్వాడు. మేమెవరం ఆగలేదు. చివరికి సారు కూడా బొప్పి పట్టుకుని నవ్వి, "రాయకుండ్రి సారూ, నేనే కాలుజారి పడ్డ. గని సుజాతమ్మా, కూర మస్తున్నది," అన్నాడు.

నవ్వులు ఆగాక జమాదారు ఒక మాటన్నాడు. "మీ కాలనీల బయటోళ్లు జేసింది ఆ గొలుసు ఒక్కటే. మిగత కేసులన్నీ ఇండ్లల్ల మొగోళ్లు కొట్టిన దెబ్బలే. ఆడోళ్లు ఈడికొచ్చి ఏడుస్తరు. అప్పుడు ఒక్క విజిలన్న ఊదిండ్రా?" మా వెనక ప్లాట్‌లో అరుపులు వినపడితే టీవీ సౌండు పెంచేది నేనే కదా.

మొన్న మళ్లీ అరుపులు వినపడితే సుజాత వాకిట్లోకి పోయి విజిల్ ఊదింది. అందరికంటే ముందు పటేల్ సారే ఉరికొచ్చి ఆ తలుపు కొట్టాడు. ఆ ఇంట్లో దెబ్బలు తిన్న తల్లి ఇప్పుడు పగలంతా మా దుకాణం అరుగు మీదే బీడీలు చుట్టుకుంటూ కూర్చుంటోంది. ఆమె పేరు లక్ష్మి. ఆ పేరు తెలుసుకోవడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

గంగాధర్‌కు కాగితం చేతికొచ్చింది. వచ్చే నెలలోనే ప్రయాణం. సుజాత లోపల ఏడుస్తుంది, పైకి అప్పడాలు ఎండబెడుతుంది. అవ్వకు, బాపుకు నా దండాలు చెప్పి, మావాడికి మంచి జరగాలని దీవించమను. వీలైతే మీ ఇంటి చింతకాయ తొక్కు ఒక సీసా పంపు, వాడు వెంట తీసుకుపోతాడట. పంపుడెందుకు, నువ్వే పట్టుకురా. వాడు విమానం ఎక్కేలోపు అందరం ఒకపూట కలిసి తిందాం. ఏ రోజు బయలుదేరుతున్నావురా?

నీ నర్సింలు